చిత్తూరు కనమల్లో యుద్ధాల టూరిజం: సర్క్యూట్ తర్వాత, ముందు ఒక్క కనమ చూడండి

మీరడిగింది ఇదీ. సొంతూరు చిత్తూరు, ఉద్యోగం బెంగళూరులో. మైసూరు ఏలిన హైదర్ అలీ ప్రాణం పోయింది మన చిత్తూరు పక్కనే అని ఈమధ్యే తెలిసింది. చంద్రగిరి, దామలచెరువు, గుర్రంకొండ కలిపి ‘యుద్ధభూముల సర్క్యూట్’ పెడితే తిరుపతికొచ్చే జనంలో నూటికొకరు వచ్చినా చాలు కదా అని మీ ఆలోచన. విగ్రహాలు, పార్కు లాంటివి ప్రభుత్వంతో కట్టించుకోవచ్చా అని కూడా అడిగారు.

నేను తిరుపతిలో ఇరవయ్యేడేళ్లు ఈ పనిలోనే ఉన్నాను. మొదట డ్రైవర్ని, తర్వాత గైడుని, చివరి పదేళ్లు సొంతంగా నాలుగు బండ్లు తిప్పాను. మీరు వేసిన లెక్కే ఒకప్పుడు నేనూ వేశాను. చేతులు కాల్చుకున్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

తిరుమలకి రోజుకు 60, 70 వేల మంది వస్తారు, నిజమే. కానీ వాళ్ల టైము వాళ్ల చేతుల్లో ఉండదు. టోకెను ఎన్నింటికో, క్యూ ఎప్పటికి కదులుతుందో, రైలు ఎన్నింటికో, అన్నీ లెక్కే. దర్శనం అయ్యాక సగం పూట మిగిలితే అలమేలు మంగాపురం, కాణిపాకం, కాళహస్తి. ఆ మిగిలిన సగం పూట మీద నేనొక ప్యాకేజీ పెట్టాను: చంద్రగిరి కోట చూపించి, అటు నుంచటే దామలచెరువు కనమ (కొండల మధ్య దారి) దాకా తీసుకెళ్లి రావడం. ఫోన్ చేసినవాళ్లంతా మొదట అడిగే మాట ఒకటే, “అక్కడ ఏం గుడి ఉందండీ?” ఒకసారి మాత్రం పదకొండు మంది ఎక్కారు. కనమ దగ్గర దింపాను. ఒక పెద్దావిడ చుట్టూ చూసి, “ఏముంది నాయనా ఇక్కడ, మామిడి చెట్లే కదా” అంది. నేను సర్ది చెప్పబోయాను గానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నాలుగు నెలలకే ఆ ప్యాకేజీ ఎత్తేశాను.

ఆ “ఏముంది ఇక్కడ” అన్న మాట దగ్గరే మొత్తం వ్యవహారం ఉంది. గుడికి గోపురం ఉంటుంది, కోటకి గోడ ఉంటుంది. యుద్ధం జరిగిన నేల మీద ఏమీ ఉండదు. ఒక మిట్ట, ఒక చెరువు, రెండు కొండల మధ్య సందు, అంతే. చూపించడానికి ఏమీ లేదు కాబట్టే మనవాళ్లు విగ్రహం పెడదాం, ఫౌంటెన్ పెడదాం అంటారు. విగ్రహం పెట్టాక జనం దాన్నే చూసి, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. నేలని ఎవరూ చూడరు.

మరి ఆ పెద్దావిడకి నేనేం చెప్పి ఉండాల్సింది? ఇది చెప్పి ఉండాల్సింది.

1740 మే 20. మరాఠాలు రఘూజీ భోంస్లే వెంట పెద్ద గుర్రపుదండుతో చౌత్ (ఆదాయంలో నాలుగో వంతు కప్పం) బాకీ వసూలుకని దిగొస్తున్నారు. ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ వాళ్లని మైదానంలోకి దిగనివ్వకూడదని ఎదురొచ్చి దామలచెరువు కనమకి అడ్డంగా మకాం వేశాడు. లెక్క సరైందే, పై సీమ నుంచి ఆర్కాటు వైపు గుర్రాలతో దిగాలంటే కనమలే దారి. కానీ కనమ ఒక్కటే లేదు. మరాఠాలు కాపలా సరిగా లేని ఇంకో దారి పట్టుకుని, చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చారు. వెనక లేచిన దుమ్ము చూసి నవాబు తన కొడుకు సఫ్దర్ అలీ సాయానికి వస్తున్నాడని అనుకున్నాడంటారు. ఆ రోజు నవాబూ పోయాడు, ఆయన ఇంకో కొడుకు హసన్ అలీ కూడా పోయాడు. నవాబు ఇంటివాళ్లు పరుగున వెళ్లి పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దగ్గర తలదాచుకున్నారు. ఆ మరుసటి ఏడే మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకుని నవాబు అల్లుడు చందా సాహెబ్‌ని బందీగా తీసుకెళ్లారు. ఆర్కాటు గద్దె అప్పటి నుంచి కుదురుగా లేదు. ఆ గద్దె తగవులోకే ఒకవైపు ఫ్రెంచివాళ్లు, ఇంకోవైపు ఇంగ్లీషువాళ్లు దూరారు. తర్వాత కథ మీకు తెలుసు.

ఈ కథని ఏసీ హాల్లో చెప్తే హిస్టరీ క్లాసు. కనమలో నిలబెట్టి, జనాన్ని ముందు వాయవ్యం వైపు తిప్పి, “శత్రువు అటు నుంచే వస్తాడని నవాబు నమ్మకం, మీరైతే మనుషుల్ని ఎక్కడ పెడతారు?” అని అడగండి. రెండు నిమిషాలు వాదించుకోనివ్వండి. అప్పుడు, “ఇప్పుడు వెనక్కి తిరగండి” అనండి. నేను తర్వాతి రోజుల్లో కాలేజీ పిల్లలతో ఇలాగే చేశాను. వెనక్కి తిరిగేసరికి ఒక్కొక్కరి మొహం చూడాలి! దానికి టికెట్ అక్కర్లేదు, కాంక్రీటు అక్కర్లేదు. చెప్పే మనిషి కావాలి.

ఆ చెప్పే మనుషులు మనకి కొత్త కాదు. మీది చిత్తూరు కాబట్టి భారతం మిట్ట చూసే ఉంటారు. ఎండాకాలంలో ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కితే కింద జనం చేతులు చాచి నిలబడతారు. ఆఖరి రోజు ఖాళీ మిట్ట మీద మట్టితో కొండంత దుర్యోధనుణ్ని పడుకోబెడతారు, భీముడు వచ్చి తొడ పగలగొడతాడు. ఏమీ లేని నేలని కురుక్షేత్రం చేసి చూపించే విద్య మన ఊళ్లలో తరాలుగా ఉంది. పల్నాడు వెళ్తే కారంపూడిలో కార్తీకంలో ఐదు రోజులు వీరుల ఉత్సవం చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పన్నెండో శతాబ్దం నాటి యుద్ధం ఇప్పటికీ తిథుల ప్రకారం నడుస్తుంది, మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. మీరు కన్సల్టెంటుకి ఇచ్చే డబ్బు ఒక హరికథ భాగవతారుకి ఇచ్చి, దోస్త్ అలీ కథ ఇరవై నిమిషాలు కట్టించండి. నా మాట నమ్మండి.

ఇప్పుడు ఎవరు వస్తారు అన్న ప్రశ్న. మీ గిరాకీ మీ ఆఫీసులోనే ఉంది. బెంగళూరు నుంచి సొంత కారులో శుక్రవారం రాత్రో శనివారం తెల్లారో తిరుపతికి బయలుదేరే కుటుంబాలు. వాళ్లకి కారుంది, ఒక రోజు అటూ ఇటూ చేసుకునే వీలుంది, వెనక సీట్లో విసుగెత్తిపోయే పిల్లలున్నారు. వాళ్లు పలమనేరు దాటి బంగారుపాళ్యం దిగేటప్పుడు మొగిలి ఘాటు మీదుగానే వస్తారు. ఆ ఘాటు అంటే వాళ్లకి యాక్సిడెంట్ల టెన్షన్ తప్ప ఇంకేం గుర్తు రాదు. 1791 ఫిబ్రవరిలో మైసూరు టిప్పు సుల్తాను మీదికి పోతూ ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దండు ఎక్కిన కనమ అది. టిప్పు ఆయన ఆంబూరు వైపు నుంచి వస్తాడని కాచుకున్నాడు. కారన్‌వాలిస్ అటే పోతున్నట్టు నటించి, ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా వచ్చి మొగిలి కనమలో ఫిరంగులు పైకి లాగించాడు. బరువు లాగడానికి బెంగాల్ నుంచి తెప్పించిన ఏనుగులు కూడా ఉన్నాయి. పైకి చేరాక అడ్డేముంది? మార్చి 21న బెంగళూరు కోట పడింది. బెంగళూరు మనిషికి “మీ ఊరు చేయి మారింది ఈ మలుపులోనే” అని చెప్తే కారు ఆపడా?

దామలచెరువులో పైనుంచి కిందికి, మొగిలిలో కిందినుంచి పైకి. రెండుచోట్లా ఆట ఒకటే, నువ్వు కాసిన కనమ వదిలి పక్క కనమలో రావడం. మదనపల్లె, పలమనేరు వైపు నేల దాదాపు ఏడొందల మీటర్ల ఎత్తు, చిత్తూరు అందులో సగం ఉంటుంది. ఈ మెట్టు ఎక్కడం, దిగడం మీదే ఎన్నో యుద్ధాలు నడిచాయి. అందుకే కోటల సర్క్యూట్ కన్నా కనమల దారి అని పేరు పెట్టుకోండి. కోటలు ఎక్కడైనా ఉన్నాయి.

ఒక హెచ్చరిక. 262 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పూర్తిగా తెరిస్తే ఇప్పుడు ఘాటులో పోయే కార్లు చాలావరకు దాని మీదికెక్కుతాయి. ఎక్స్‌ప్రెస్‌వే మీద పోయేవాడు బోర్డు చూసి ఆగడు. ఇంటి దగ్గరే అనుకుని బయలుదేరాలి. కాబట్టి రోడ్డు పక్క హోర్డింగుల మీద డబ్బు తగలేయకండి.

హైదర్ సంగతికొస్తాను, మీరు మొదలుపెట్టింది అక్కడ కదా. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట మకాంలో, వీపు మీద రాచపుండుతో చనిపోయాడు. అసలు కథ ఆ తర్వాతే. టిప్పు అప్పుడు మలబారు తీరంలో ఉన్నాడు. రాజు పోయాడని తెలిస్తే దండు చెదిరిపోతుందని హైదర్ మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు ఆ కబురు బయటికి పొక్కనివ్వలేదు. శవాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టి, దోపిడీ సొమ్ము పంపుతున్నట్టుగా కాపలాతో కోలారుకి పంపించారు. తర్వాత అక్కడి నుంచి శ్రీరంగపట్నంలోని గుంబజ్‌కి (సమాధి మందిరానికి) చేరింది. టిప్పు వచ్చి కలిసేదాకా అంత సైన్యమూ చనిపోయిన మనిషి పేరు మీద నడిచింది. ఇది సినిమా వాళ్లు కూడా కల్పించలేని ఘట్టం, చిత్తూరులో ఎంతమందికి తెలుసు చెప్పండి?

కానీ ఇక్కడ జాగ్రత్త. హైదర్, టిప్పుల పేరెత్తితే చాలు, ఒకరు వీరుడంటారు, ఒకరు దుర్మార్గుడంటారు, మీ ప్రయాణం ఫేస్‌బుక్ గొడవైపోతుంది. విగ్రహం వద్దనడానికి ఇదీ ఒక కారణం. విగ్రహం ఒక పక్షం తీసుకుంటుంది. మీరు ఆ దారిలో పోయిన మామూలు మనుషుల పక్షం తీసుకోండి. 1780లో హైదర్ కర్ణాటక మైదానంలోకి దిగినప్పుడు పైరు కాలిపోయిన రైతు తెలుగువాడో తమిళుడో అయి ఉంటాడు. కారన్‌వాలిస్ దండు ఆకలితో చావకుండా ఎద్దుల మీద ధాన్యం మోసింది బ్రింజారీలు, అంటే ఇవాళ మన జిల్లా తండాల్లో ఉన్న సుగాలీల పూర్వీకులు. వాళ్లు ఏ పక్షమూ కాదు, ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్మారు. సుగాలీ కుర్రాడొకడు గైడుగా నిలబడి ఈ మాట చెప్తే ఆ కథ బరువే వేరు.

మామూలు సిపాయి గురించి ఇంకో మాట. సరిహద్దు దాటి కాంచీపురం పక్కన పుల్లలూరు వెళ్తే పొలాల్లో రెండు పెద్ద స్తంభాలున్నాయి, 1781 యుద్ధంలో పోయిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులవి. అక్కడే అంతకు ముందేడు, 1780 సెప్టెంబరు 10న, ఇంగ్లీషు కర్నల్ బెయిలీ దండుని హైదర్, టిప్పు తుడిచిపెట్టారు. శ్రీరంగపట్నంలో టిప్పు మహల్ దరియా దౌలత్ గోడ మీద ఆ యుద్ధం బొమ్మ ఇప్పటికీ ఉంది. చచ్చిపోయిన వేలమంది నల్ల సిపాయిల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మరి మన పుంగనూరు, పలమనేరు పల్లెల్లో చూడండి, వెయ్యేళ్ల కిందట ఆవుల మందని కాపాడుతూ పోయిన మనిషికి కూడా వీరగల్లు నిలబెట్టారు. వేపచెట్టు కింద పసుపు పూసుకుని కొన్ని, బట్టలుతికే బండలై కొన్ని. ఫోటో తీయండి, ఊరివాళ్ల చేత చెప్పించండి, దయచేసి మీ పార్కులోకి తరలించకండి. రాయి ఊరు మారితే దాని కథ ఊళ్లోనే ఉండిపోతుంది.

చంద్రగిరి గురించి ఎక్కువ చెప్పను, అది తన కాళ్ల మీద తను నిలబడింది. రాజమహల్, అందులో మ్యూజియం, సాయంత్రం లైట్ల షో అన్నీ ఉన్నాయి. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం ఏలిన అరవీటి వాళ్ల రాజధాని, 1646లో గోల్కొండ చేతికి పోయింది, 1782లో హైదర్ పట్టుకున్నాడు. ఇక్కడ గైడ్లు ఒక తప్పు చేస్తారు. 1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చింది ‘ఇదిగో ఈ గదిలోనే’ అని వేలు పెట్టి చూపిస్తారు. ఇంగ్లీషు కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి ఆ సీమ పాలకుడు దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి అనుమతి వచ్చిందనేది కాగితం మీద ఉన్న మాట. గది మాత్రం ‘అంటారు’. మీ గైడ్లకి మొదటి రోజే ఈ రెంటికీ తేడా నేర్పండి. “రికార్డుంది”, “అంటారు”, ఈ రెండు మాటలు విడివిడిగా వాడే గైడుని జనం ఎంత నమ్ముతారో నేను కళ్లారా చూశాను. అమెరికాలో అంతర్యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్‌లో 1915 నుంచీ పరీక్ష పెట్టి గైడ్లకి లైసెన్సు ఇస్తున్నారు. రాతపరీక్ష పాసైతే సరిపోదు, నేల మీద నడుస్తూ చెప్పి చూపించాలి. మనం అంత చేయలేకపోయినా, ఒక రిటైర్డ్ టీచర్ని, ఒక భాగవతారుని, డిగ్రీ పిల్లలు నలుగురిని కూర్చోబెట్టి, కనమలోనే పరీక్ష పెట్టొచ్చు. కన్నడం వచ్చినవాళ్లు ఇద్దరు తప్పకుండా ఉండాలి.

గుర్రంకొండ నాకు అన్నిటికన్నా ఇష్టం, అన్నిటికన్నా భయం కూడా. కొండ చూస్తేనే అర్థమవుతుంది, ఇది ఎందుకు పడలేదో. 1791లో టిప్పు చేతిలో ఉన్న ఈ కోటని, ఇంగ్లీషువాళ్ల పక్షాన ఉన్న నిజాం సైన్యం నెలల తరబడి ముట్టడి వేసి కూర్చుంది. వాళ్ల ఫిరంగులు చాలక ఇంగ్లీషు కెప్టెన్ రీడ్ వచ్చాడు. నవంబరులో కింది కోట పడింది, పైకోట పడలేదు. డిసెంబరులో టిప్పు కొడుకు ఫతే హైదర్ సైన్యంతో ఊడిపడ్డాడు. నిజాం సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. కింద రంగిన్ మహల్, ఊళ్లో టిప్పు మేనమామ మీర్ రజా అలీఖాన్ మక్బరా (సమాధి). ఇంత సరుకు ఒకేచోట ఉన్న కోట ఈ వైపు ఇంకోటి లేదు.

భయం ఎందుకంటే గుప్తనిధుల పిచ్చి. కోట, యుద్ధం, సుల్తాను అన్న మూడు మాటలు ఒక యూట్యూబ్ వీడియోలో పడితే నెలలోగా ఎవడో ఒకడు అమావాస్య రాత్రి గడ్డపార, నిమ్మకాయలతో దిగుతాడు. మా బండి ఎక్కిన ఒక పెద్దమనిషి మెటల్ డిటెక్టర్ సంచిలో తెచ్చాడు, కనమలో ఫిరంగి గుండ్లు ఏరుకుందామని! అక్కడే బండిలో పెట్టించి తాళం వేశాను. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, పది రూపాయలు దాటిన విలువైంది భూమిలో దొరికినా కలెక్టరుకి చెప్పాల్సిందే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ పైన ఇంకో రెండొందల మీటర్లలో అనుమతితోనే కట్టాలి. మీ టిక్కెట్ కౌంటరు, టీ కొట్టు అన్నీ ఈ లెక్కలోకొస్తాయి. స్థలం ఎవరిదో తహసీల్దారు ఆఫీసులో కనుక్కోకుండా ఒక్క గుంజ కూడా పాతకండి.

ప్రభుత్వం డబ్బు అడిగారు. 2025 జనవరిలో కేంద్రం ‘భారత్ రణభూమి దర్శన్’ అని మొదలుపెట్టింది. దాని చూపు కార్గిల్, లోంగేవాలా, గల్వాన్ లాంటి సరిహద్దు చోట్ల మీద ఉంది, మన నవాబుల యుద్ధాల మీద కాదు. అడగడంలో తప్పు లేదు, దాని కోసం ఆగిపోవడం తప్పు. ఇంఫాల్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి 1944 యుద్ధం చోట్లని ముందు స్థానిక ఉత్సాహవంతులే నడిచి, వెతికి, జనానికి చూపించారు. 2019లో మ్యూజియం వచ్చింది ఆ తర్వాతే.

చిన్న చిన్న పనుల దగ్గరే ఇవన్నీ ఆగిపోతాయి, అది కూడా చెప్పాలి. దామలచెరువులో ఆడవాళ్లకి బాత్రూం ఎక్కడ? నేను దానికి జవాబు వెతకలేదు, అందుకే నా ప్యాకేజీకి కుటుంబాలు రెండోసారి రాలేదని ఇప్పుడనిపిస్తుంది. రోడ్డుకి దగ్గరున్న మామిడి తోట రైతు ఒకరితో మాట్లాడండి. తోటలో ఒక బాత్రూం, నీడలో నాలుగు నులకమంచాలు, మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు. మనిషికింతని ఆ రైతుకే ఇవ్వండి, మీరు వాటా అడగకండి. ఊరికి రూపాయి వచ్చిన రోజు నుంచి ఆ కనమలో ప్లాస్టిక్ పారేసేవాణ్ని ఊరే అదిలిస్తుంది.

పాలెగాళ్ల కథ కూడా ఉంది, 1804–05లో ఈ కొండల పాలెగాళ్లు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డారు. పాకాల, పులిచెర్ల, కల్లూరు, నారగుంటి, ఇవన్నీ ఒకప్పుడు పాళేలే. కానీ ఆ వంశాల వాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు, వాళ్ల మనసు తెలుసుకోకుండా వేదిక ఎక్కించకండి. దాన్ని రెండో ఏడాదికి పెట్టుకోండి.

మొదటి ఏడాదికి నేనైతే ఇంతే చేస్తాను. డిసెంబరు 7 దగ్గర్లోని శనివారం పదిహేను మందిని, మీ ఆఫీసువాళ్లనే, తీసుకురండి. తెల్లారే మొగిలి ఘాటు, పది గంటలకి నరసింగరాయనిపేటలో పెట్టె కథ, మధ్యాహ్నం దామలచెరువు తోటలో భోజనం, ఎండ తగ్గాక కనమలో “వెనక్కి తిరగండి”. గుర్రంకొండ ఇందులో కలపొద్దు, దానికొక రోజు పూర్తిగా కావాలి, బూట్లు కావాలి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తప్ప ఆ కొండ ఎక్కించొద్దు. డబ్బు తీసుకోకండి. జనం ఎక్కడ ఫోన్ తీసి చూసుకున్నారో మీరు వెనక నడుస్తూ రాసుకోండి, ఆ చోట కథ కత్తిరించాలి.

యుద్ధం జరిగిన మే 20నే దామలచెరువు వెళ్లాలని మీకు సరదా పుడుతుంది, నాకూ పుట్టింది. వెళ్తే తెల్లారి ఆరుకల్లా అక్కడ ఉండండి. అది మామిడి కాయల సీజను. ఎనిమిది దాటితే మండికొచ్చే ట్రాక్టర్లు, లారీల మధ్య మీ కారు ముందుకీ పోదు, వెనక్కీ తిరగదు.